బిక్షపతి చెప్పిన కారణం

మా సందులో దేవుడు లేడని పైకి చెప్పే మనిషి బిక్షపతి ఒక్కడే. వినాయక చవితికి చందాలు అడిగే పిల్లలు ఆయన గుమ్మం దాటుకుని పోతారు. ఆయన ఇవ్వడని కాదు, ఇచ్చే ముందు చాలాసేపు మాట్లాడతాడని.

ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వస్తుంటే మెట్రో లైను పక్కన లోపలికి ఉంటుంది మా సందు. నాది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం వచ్చాను, ఉద్యోగం అయిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను. పక్కింటి కింది వాటాలో బిక్షపతి, ఆయన భార్య వజ్రమ్మ కిరాయికి ఉంటారు. పొద్దున ఆయన మా ఇంటికి వచ్చి పేపరు చదువుతాడు. పోయేటప్పుడు ఒక పుస్తకం తీసుకుపోతాడు. చదివి తెచ్చినప్పుడు బాగుంది, బాగాలేదు అని చెప్పడు. "పెద్దగ రాసిండు" అంటాడు, అంతే.

పోచంపల్లి దగ్గర నేత కుటుంబం ఆయనది. చిన్నప్పుడు మగ్గం మీద కూర్చున్నాడు. తమ చీరల మీది ఇక్కత్ నమూనాలనే మిల్లుల్లో అచ్చు కొట్టి తక్కువకు అమ్మడం మొదలయ్యాక మగ్గం దిగి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో చేరాడు. ఏ చీరలు తమ మగ్గాన్ని ఆపేశాయో ఆ చీరలనే పరిచి చూపించడం ఆయన ఉద్యోగం అయింది. ఈ మాట ఆయన ఎప్పుడూ బాధపడుతూ చెప్పలేదు. "నమూనా మంచిగనే దింపిన్రు సార్, అబద్ధమెందుకు" అనేవాడు.

దుకాణంలో పొద్దున్నుంచి షట్టరు దించేదాకా నిలబడే ఉండాలి. అక్కడే ఆయన యూనియన్‌లో చేరాడు. గిరాకీ లేనప్పుడు కూర్చోవడానికి స్టూళ్లు కావాలని సమ్మె చేశారు. స్టూళ్లు వచ్చాయి. కొన్నాళ్లకు యజమానులు వాటి మీద బట్టల పెట్టెలు పెట్టించారు. మళ్లీ సమ్మె చేసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

"మీ లెక్కలో సోషలిజం అంటే ఏంటండీ?" అని ఒకసారి అడిగాను.

"పనిచేసేటోడు జర కూసునుడు సార్" అన్నాడు.

యంత్రాల గురించి ఆయనకు ఒకే మాట ఉంది. "యంత్రం చెడ్డది గాదు, అది ఎవరి చేతిల ఉన్నదనేదే లెక్క." మరమగ్గం గురించి మొదట అన్నాడట. తర్వాత కంప్యూటరు వచ్చింది, సెల్లు వచ్చింది, మెట్రో వచ్చింది. ప్రతిదానికీ ఆ మాటే సరిపోయింది. అడిగినదానికి తెలుగులో జవాబు చెప్పే కొత్త రకం ఏదో మా అమ్మాయి నా ఫోన్‌లో పెట్టి వెళ్తే ఆయనకు చూపించాను. సోషలిజం వస్తదా అని అడగమన్నాడు. వస్తుందనేవాళ్లు ఏమంటారో, రాదనేవాళ్లు ఏమంటారో చెప్పి, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది అది. బిక్షపతి ఫోన్ నాకు తిరిగి ఇచ్చేశాడు.

"మా జిల్లా కార్యదర్శి గూడ గిట్లనే మాట్లాడ్తడు" అన్నాడు.

నాకు ఈ మధ్య దేనికీ పెద్దగా ఆశ్చర్యం కలగడం లేదు. రైలు తలమీంచి పోతుంది, ఫోన్ మాట్లాడుతుంది, సరే అనిపిస్తుంది. వయసు వల్ల కావచ్చు. ఆయనకూ అలాగే ఉన్నట్టుంది. ఇద్దరం పేపరు చెరో సగం పట్టుకుని ఎక్కువ భాగం మాట్లాడకుండానే కూర్చుంటాం.

పోయిన ఎండాకాలం ఆయనకు గుండెనొప్పి వచ్చింది. సర్కారు దవాఖానలో చేర్చారు, గుండెలో గొట్టం వేశారు. వజ్రమ్మ బయట వరండాలో చాప వేసుకుని ఉంది. బతికి వచ్చాడు, కానీ దుకాణంలో నిలబడే పని ఇక కుదరదన్నారు. అప్పటినుంచి ఇల్లు గడిచేది వజ్రమ్మ సంపాదనతోనే. ఆమె చైతన్యపురిలో ఆడపిల్లల కోచింగ్ హాస్టల్లో గదులు ఊడ్చి తుడిచే పని చేస్తుంది. జీతం హాస్టల్ వాళ్లు ఇవ్వరు, మనుషులను సప్లై చేసే ఒక ఏజెన్సీ ఇస్తుంది.

ఆయన మెల్లగా నడిచి సందు చివరిదాకా పోయి రాగలుగుతున్న రోజుల్లో, ఒక ఆదివారం వజ్రమ్మ ఎవరికీ చెప్పకుండా ఉప్పల్ వెళ్లి యాదగిరిగుట్ట బస్సెక్కింది. సాయంత్రానికి నున్నటి గుండుతో, గుండు మీద గంధంతో వచ్చింది. ఆయన దవాఖానలో ఉన్నప్పుడు యాదగిరి నర్సింహస్వామికి మొక్కుకుందట.

తలుపు తీసిన బిక్షపతి ఆమెను చూసి, "ఎవరు గావాలె?" అన్నాడు.

ఈ సంగతి వజ్రమ్మే నవ్వుతూ మా వరండాలో చెప్పింది. బిక్షపతి నవ్వలేదు.

"ఆడోళ్లు మూడు కత్తెర్లు ఇస్తె సాలు గదా" అన్నాడు. "నిండు గుండు ఎందుకు? రేపు నన్ను యూనియన్ల ఏమంటరు?"

"మూడు కత్తెర్లు పిల్లల జ్వరాలకు. నీ పానానికి మూడు కత్తెర్లిస్తె నర్సింహస్వామి నవ్వడా?" అని ఆమె లోపలికి పోయింది.

మొక్కులు, తాయెత్తుల మీద ఆయన చేసిన ప్రసంగాలు ఆ చుట్టుపక్కల అందరూ విన్నవే. నాకు ఆయన ఇబ్బంది అర్థమైంది.

మర్నాడు హాస్టల్ గేటు దగ్గర అసలు చిక్కు వచ్చింది. అక్కడ హాజరు వేసుకోవడానికి గోడకు ఒక యంత్రం పెట్టారు. దాని ముందు నిలబడితే ముఖం చూసి పచ్చగా వెలుగుతుంది, ధన్యవాదాలు అంటుంది. వజ్రమ్మ నిలబడితే ఎర్రగా వెలిగి, దయచేసి మళ్లీ ప్రయత్నించండి అంది. కొంగు తీసి నిలబడింది. బొట్టు తుడుచుకుని నిలబడింది. అదే మాట.

ఏజెన్సీ తరఫున అక్కడ ఉండే సూపర్‌వైజరు నరేష్‌కుమార్. అతనూ వాళ్ల పోచంపల్లి దగ్గరి చౌటుప్పల్ వైపు వాడే, వజ్రమ్మను పెద్దమ్మా అంటాడు.

"పెద్దమ్మా, గా మొఖం నీది గాదంటున్నది మిషన్."

"మరి ఎవరిదట? అడుగు."

"అదేం చెప్పది. నీకు గుండు ఎందుకైందో కారణం రాసి హెడ్డాఫీసుకు పంపితె, ఆళ్లు ఒప్పుకున్నంక మళ్ల ఫోటో కొట్టాలె. అప్పటిదాక హాజరు పడది."

ఒకరి బదులు ఇంకొకరు వచ్చి హాజరు వేసుకుంటున్నారని హెడ్డాఫీసు వాళ్లు పెట్టిన పద్ధతి అది. కారణం మా ఆయన రాయిస్తడని చెప్పి ఆమె ఇంటికి వచ్చేసింది.

"యంత్రం చెడ్డది గాదే..." అని బిక్షపతి మొదలుపెట్టాడు.

"తెల్సు. ఎవరి చేతిల ఉన్నదో లెక్క. ఎవరి చేతిల లేదు, గోడకున్నది" అంది వజ్రమ్మ. "దాన్నేమంటం గాని, కట్టుకున్నోడే గుర్తువట్టలే."

మరునాడు ఆయన తానే వెళ్లి మాట్లాడతానన్నాడు. ఒంటరిగా అంత దూరం పోవద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి నేనూ వెళ్లాను. హాస్టల్ గేటు దగ్గర పనికి వచ్చిన ఆడవాళ్లు వరుసలో ఉన్నారు. నరేష్‌కుమార్ చేతిలో ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"నమస్తె పెద్దనాయన. కారణం ఏం రాయాలె?"

బిక్షపతి వరుసలోని ఆడవాళ్ల వైపు చూశాడు. వాళ్లలో కొందరు ఆయన మాటలు విన్నవాళ్లే.

"టైఫాయిడొచ్చింది" అన్నాడు. "జుట్టంత ఊడింది. సాఫ్‌గ వస్తదని తీపిచ్చినం."

జ్వరం తర్వాత జుట్టు పలచబడితే గుండు చేయించడం ఉన్నదే. నరేష్ ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు. ఫోన్‌లో అనారోగ్యం అన్నచోట నొక్కాడు. నేను పక్కనే ఉన్నాను. నేనూ ఊరుకున్నాను.

సాయంత్రానికి హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది. పిల్లలు ఉండే చోటు కాబట్టి అంటుజ్వరం వచ్చిన మనిషిని, తగ్గిందని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చేదాకా లోపలికి రానివ్వకూడదు. సోమవారంలోగా ఇవ్వకపోతే ఆమె జాగాలో కొత్త మనిషిని పెడతారు. మా ఎదురు సందు క్లినిక్ డాక్టరు, రాని జ్వరానికి తగ్గిందని ఎలా రాస్తానయ్యా అన్నాడు. అతనిదీ తప్పు కాదు.

బిక్షపతి ఎల్బీ నగర్‌లోని యూనియన్ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ ఇప్పుడు బాధ్యుడు ప్రసన్నకుమార్ అనే కుర్రవాడు. మంచివాడు, మాట వేగం. సంగతి విని కుర్చీలోంచి లేచాడట.

"అన్నా, ఇది మామూలు కేసు గాదు. జబ్బుపడ్డ శ్రామిక మహిళను మిషన్ బయటికి నెట్టింది. శనివారం పొద్దున గేటు మీటింగ్ పెడదాం. నువ్వే మాట్లాడాలె."

జబ్బు కాదు అని చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. శుక్రవారానికి కరపత్రాలు వచ్చేశాయి. ఒకటి తెచ్చి నాకు ఇచ్చాడు. 'టైఫాయిడ్‌తో బాధపడుతున్న వజ్రమ్మకు న్యాయం చేయాలి' అని పెద్ద అక్షరాలతో ఉంది. చదివి మడిచి ఇచ్చేశాను.

"ఆవిడ చూశారా?" అన్నాను.

"ఆమెకు సదువు రాదు గదా సార్."

చదువు రాకపోయినా చెవులున్నాయి. హాస్టల్లో పనిచేసే అరుణమ్మ కూరగాయల దగ్గర కలిసి, టైఫాయిడ్ తగ్గిందా అక్కా, నీళ్లు కాచి తాగుతున్నవా అని అడిగిందట. వజ్రమ్మ కూరగాయలు కొనకుండానే వచ్చేసింది. మా మధ్య గోడ పొట్టిది. ఆమె అరవలేదు, అయినా వినపడింది.

"నాకు రోగమని చాటింపేసినవా?"

"నౌకరి నిలవాలె గదనే. ఏదో ఒకటి చెప్పాలె గద."

"ఉన్నది చెప్పొద్దా?"

"ఉన్నది చెప్తె నా ఇజ్జత్ ఏంగావాలె?"

"నీ ఇజ్జతా?" అంది ఆమె. "నీ పానం గురించి దేవునికిచ్చిన జుట్టు అది. దాన్ని రోగం ఎత్కపోయిందంటవా? గిప్పుడు అది ఇచ్చినట్టా, ఇయ్యనట్టా? నువ్వే చెప్పు. సదువుకున్నవు గద."

ఆ తర్వాత వాళ్లింట్లో మాటలు ఆగిపోయాయి. అన్నం పెట్టి పళ్లెం ముందుకు తోసిందట, అంతే.

ఆ సాయంత్రం ఆయన మా వరండాలో పేపరు తెరవకుండా కూర్చున్నాడు.

"సార్, మీరైతె ఏం జేస్తరు?"

నేను ఎప్పుడూ ఏ జెండా కిందా నిలబడినవాణ్ని కాదు, ఏ కొండకూ మొక్కినవాణ్నీ కాదు. పుస్తకాల్లో ఇలాంటివి చదివినప్పుడు ఎవరు ఏం చేయాలో స్పష్టంగానే ఉంటుంది. "ఆవిడ ఉద్యోగం ముఖ్యం కదండీ" అన్నాను. అది ఆయనకూ తెలిసినదే.

"ఉన్నది చెప్తె ఉద్యోగం ఉంటదంటరా?"

"జ్వరం అన్నందుకే కదా ఆపారు."

తల ఊపాడు. బయట మెట్రో రైలు ఒకటి పోయింది, ఇంకొకటి వచ్చింది.

శనివారం పొద్దున గేటు ముందు ఎర్రజెండాతో ప్రసన్నకుమార్, ఇంకో కొద్దిమంది ఉన్నారు. హాస్టల్ పిల్లలు పుస్తకాల సంచులతో మా పక్కనుంచి జరుగుకుంటూ క్లాసులకు పోతున్నారు. పనివాళ్లు హాజరు వేసుకునే వేళ. వజ్రమ్మ కొంగు కప్పుకుని కొంచెం దూరంగా, మూసి ఉన్న జిరాక్సు దుకాణం మెట్ల మీద కూర్చుంది. భర్త వైపు చూడలేదు.

ప్రసన్నకుమార్ ముందు నినాదాలిచ్చాడు, తర్వాత బిక్షపతిని మాట్లాడమన్నాడు.

"సోదరీమణులారా" అని మొదలుపెట్టాడు ఆయన. "ఈ యంత్రం..." అని ఆగాడు. ఆయన ప్రసంగాలు నేను విన్నాను. మధ్యలో ఆగేవాడు కాదు. గుండె ఏమైనా ఇబ్బంది పెడుతోందేమోనని దగ్గరికి వెళ్లాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"వజ్రమ్మకు జ్వరం రాలే" అన్నాడు.

ప్రసన్నకుమార్ దగ్గరికి వంగి, "అన్నా, టైఫాయిడ్ అని అచ్చేసినం" అన్నాడు మెల్లగా.

"తప్పచ్చేసిన్రు. చెప్పిన తప్పు నాది." గొంతు పెంచాడు. "ఆమెకే రోగం లేదు. రోగం నాది. నేను దవాఖానల పడితె నా గురించి మొక్కింది. జుట్టు దేవునికిచ్చింది. గదీ కారణం. నాకు చెప్ప శాతగాక జ్వరమని చెప్పిన."

వరుసలోంచి అరుణమ్మ అడిగింది.

"ఏ గుట్టకు అన్నా?"

"యాదగిరి."

"నిండు గుండేనా?"

"కనవడ్తలేదా?"

ఆడవాళ్లు నవ్వారు. "నేను మా ఆయనకు కొమురెల్లి దేవునికి మొక్కిన, ఆయన గూడ గిట్లనే కొట్లాడిండు" అంది ఒకామె. "మా ఆయనకు నేను మొక్కనే మొక్క" అంది ఇంకొకామె. "అందుకే గట్టిగున్నడు" అంది అరుణమ్మ. మీటింగ్ అక్కడితో అయిపోయింది. వాళ్లు కొండల గురించి, బస్సుల గురించి, గుండు గీసేచోట వరుసల గురించి మాట్లాడుకుంటూ ఒక్కొక్కరే యంత్రం ముందు నిలబడి లోపలికి పోయారు. ప్రసన్నకుమార్ మిగిలిన కరపత్రాలు సంచిలో పెట్టుకున్నాడు.

"అన్నా, ఒక్క మాట ముందే చెప్తె అయిపోతుండె గద. మొక్కు అని పెట్టినా పోరాటమే గద" అన్నాడు. కోపంగా అనలేదు. "కాకపోతె కరపత్రం రాసుడు జర కష్టమయ్యేది" అని కూడా అన్నాడు.

నరేష్‌కుమార్ ఫోన్ తీశాడు. "అనారోగ్యం తీసేస్తున్న పెద్దనాయన. ఇందుల ప్రమాదం ఉన్నది, పెండ్లి ఉన్నది. మొక్కు లేదు. ఇతరములు అని పెడ్తున్న. కింద ఖాళీ ఉన్నకాడ వివరం రాయాలె. ఏం రాయమంటవు? నువ్వే చెప్పు, మళ్ల నామీదికొస్తది."

బిక్షపతి గోడకు ఆనుకున్నాడు. మెల్లగా చెప్పాడు. "భర్త ఆరోగ్యం కోసం..." నరేష్ రాశాడు. "దేవునికి..."

"ఏ దేవునికని రాయాల్నా?"

"అక్కర్లేదు. దేవునికి తలనీలాలు..."

"ఇచ్చింది?"

ఆయన ఆలోచించాడు. మెట్ల మీద కూర్చున్న మనిషి వైపు ఒకసారి చూశాడు. "సమర్పించింది అని రాయి" అన్నాడు.

నరేష్ నొక్కాడు. మేం ఎదురుగా బండి దగ్గర చాయ్ తాగాం. వజ్రమ్మకు ఒకటి నేను తీసుకెళ్లి ఇచ్చాను. "మీరు తాగిన్రా సారూ?" అని తీసుకుంది. చాయ్ అయిపోయేలోపే నరేష్ గేట్లోంచి చెయ్యి ఊపాడు. హెడ్డాఫీసు వాళ్లు ఒప్పుకున్నారు. అక్కడ ఎవరైనా చదివారో, దానంతట అదే ఒప్పుకుందో అతనికీ తెలియదట.

వజ్రమ్మ లేచి వెళ్లి కొంగు దించి యంత్రం ముందు నిలబడింది. నరేష్ ఏదో నొక్కి, ఎడమకు తిరగమన్నాడు, కుడికి తిరగమన్నాడు. పచ్చగా వెలిగింది. ధన్యవాదాలు అంది.

"గా పాత మొఖం ఏమాయె?" అని అడిగింది ఆమె.

"తీసేసినం పెద్దమ్మా. ఒక్కలకు ఒకటే ఉంటది."

"జుట్టొస్తె?"

"మళ్ల గిదే కథ" అన్నాడు నరేష్.

ఆమె కొంగు నడుముకు దోపుకుని లోపలికి పోయింది. బిక్షపతి గేటు దగ్గర ఇంకా కొంచెంసేపు నిలబడ్డాడు. ఆమె వెనక్కి చూడలేదు. లోపల ఎవరో ఆమెను పిలుస్తున్నారు. మేం ఆటో ఎక్కి వచ్చేశాం.

ఆ తర్వాత యూనియన్ ఆఫీసులో ఆయనను ఎవరైనా ఏమైనా అన్నారేమో నాకు తెలియదు. పోవడం మానలేదు, మీటింగుల్లో మాట్లాడటం తగ్గించాడు. యంత్రాల గురించి పేపర్లో ఏదైనా వస్తే చదివి, ఆ పాత మాట అనకుండా నాకు ఇచ్చేస్తాడు.

ఆ మీటింగ్ మర్నాడు పొద్దున మాత్రం ఎప్పట్లాగే వచ్చి పేపరులో తన సగం తీసుకున్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఆవిడ ఏమన్నారండీ?"

"ఏమనలే సార్" అన్నాడు. పేపరు తిప్పాడు. "హాస్టల్ల కొత్త బకెట్లు తెచ్చిన్రట. పిడి గట్టిగ లేదట, నీళ్లు నింపితె వంగుతున్నదట. అన్నం తినుకుంట చాలాసేపు చెప్పింది."